పొట్లం విప్పేది ఆవిడే

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఏలూరులో ఉంటాం. ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. మావారికి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం, అమ్మాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. అత్తగారు మాతోనే ఉంటారు. రెండేళ్ల కిందట సొంత ఇల్లు కట్టుకున్నాం. కష్టమంటూ చెప్పుకోవడానికి ఏమీ లేదు. సంతోషమూ లేదు. గృహప్రవేశం అయ్యాక ఓ మూడు నెలలు బాగుంది, తర్వాత అదీ మామూలైపోయింది. పొద్దున్నే లేస్తాను, వండుతాను, ఆఫీసుకి వెళ్తాను, వస్తాను, మళ్లీ వండుతాను, పడుకుంటాను. చిన్న చిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోవాలని అందరూ అంటారు. ఎవరో వీడియోలో చెబితే రోజూ రాత్రి మూడు మంచి సంగతులు డైరీలో రాయడం మొదలుపెట్టాను. పదకొండు రోజులు రాశాను. ఇల్లు, ఆరోగ్యం, పిల్లలు. మర్నాడు మళ్లీ ఇల్లు, ఆరోగ్యం, పిల్లలు. విసుగొచ్చి మానేశాను. (ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్లాను, పూలావిడ వచ్చింది. మూర కొలిచాక ఇంకో నాలుగు వేళ్లు కొసరు వేస్తుంది, అడక్కపోయినా. మా అత్తగారు పూలు పెట్టుకోరు, మామగారు పోయి తొమ్మిదేళ్లు. కానీ పొట్లం విప్పేది ఆవిడే. సరే, అసలు విషయానికి వస్తాను.) నాలోనే ఏదన్నా లోపం ఉందా? ఈ ఆనందాన్ని ఎక్కడ వెతకాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరాన్ని మొదటిసారి నేనూ గబగబా చదివేశాను. దాపరికం ఎందుకు, ఇలాంటివి నాకు చాలానే వస్తుంటాయి. రాసేవాళ్ల ఊరు మారుతుంది, పిల్లలుండే ఊరు మారుతుంది, మిగతాదంతా ఒకే మూస. రెండోసారి చదువుతుంటే బ్రాకెట్లో ఉన్న ముక్క దగ్గర ఆగిపోయాను. అంతవరకూ మీరు వాడినవన్నీ సర్వీసు రిజిస్టరులో రాసే మాటలు. పూలావిడ రాగానే ఉత్తరంలోకి ఒక చెయ్యి వచ్చింది, నాలుగు వేళ్లు వచ్చాయి, పోయిన మామగారు వచ్చారు, పొట్లం విప్పే అత్తగారు వచ్చారు. అంతలోనే ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు "సరే, అసలు విషయానికి వస్తాను" అనేశారు. అక్కడ నాకు నవ్వొచ్చింది. అసలు విషయం అప్పటికే రాసేశారు మీరు.

లోపం గురించి అడిగారు కదా. ఆనందమంటే తెలియని మనిషి ఎవరూ ఆ నాలుగు వాక్యాలు రాయలేరు. మీకు తెలుసు. తెలిసి, దాన్ని బ్రాకెట్లో పెట్టి మూసేస్తున్నారు.

ఈ కొసరు అనేది మన బజార్లలో ఎంత ముచ్చటైన ఏర్పాటో ఎప్పుడన్నా గమనించారా? అది బేరంలో ఉండదు, లెక్కలోకి రాదు. హక్కుగా అడిగితే గొడవైపోతుంది. అలాగని వెయ్యకపోతే మనసు చిన్నబోతుంది. వంకాయలు తూచాక సంచీలో పడే నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ. (సూపర్‌మార్కెట్లో కరివేపాకుక్కూడా స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. అదొక దిగులు నాకు.) కొసరు దక్కాలంటే ముందు అసలు సరుకు కొనాలి. కొన్నాక ఒక్క క్షణం అక్కడే నిలబడాలి. పూలావిడ మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా దండ సాగదీసి కొలుస్తుంది. కొలత పూర్తయ్యాక చెయ్యి ఆగుతుంది. ఓసారి మీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు దండని ఇంకో నాలుగు వేళ్లు ముందుకి జరిపి, బొటనవేలి గోటితో నార పుటుక్కుమని తుంచుతుంది. ఆ ఆగిన క్షణంలో మీరు పర్సులో చిల్లర వెతుక్కుంటూ ఉంటే కొసరు ఎలాగూ పడుతుంది. పడినట్టు మీకు తెలీదు, అంతే.

అసలు సరుకంతా మీరు కొనేశారమ్మా. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు, ఏదీ తక్కువ కాలేదు. కొసరు పడే వేళకి మాత్రం గుమ్మంలో ఉండటం లేదు, వంటింట్లోకి పరిగెత్తేస్తున్నారు.

ఇల్లు ఎందుకు మామూలైపోయిందని కదా మీ బెంగ. మల్లెల సంగతే తీసుకోండి. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రం చీకటి పడే వేళకి విచ్చుకుంటుంది, అప్పుడు గదంతా గుప్పుమంటుంది. అవే పూలు జడలో పెట్టుకున్న మనిషికి కాసేపయ్యాక వాసన తెలీదు. ఎదురింటావిడ వచ్చి "ఏం మల్లెలండీ, భలే వాసన" అంటే గానీ గుర్తు రాదు. పూలల్లో లోపం లేదు, ముక్కులోనూ లేదు. ఒకే వాసన అలాగే తగులుతూ ఉంటే ముక్కు దాన్ని లెక్క చెయ్యడం మానేస్తుంది, కొత్తగా వచ్చే వాసన కోసం చోటు ఖాళీగా ఉంచుకుంటుంది. లేకపోతే అడుగంటిన పాలు ఎలా కనిపెడతాం? కాస్త వీధిలోకి వెళ్లి తిరిగొచ్చారనుకోండి, గుమ్మంలోనే మళ్లీ తెలుస్తుంది. మనసుదీ ఇదే తీరు. కొత్త ఇల్లు మూడు నెలలు గుబాళించింది, తర్వాత అలవాటైపోయింది. మీరు ఊరికే నిందించుకుంటున్నారు.

అంతకన్నా చిత్రమైన సంగతి ఇంకోటి ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, ఏ లాటరీ తగలని మరో 22 మందిని పక్కపక్కన పెట్టి చూశారు, ఫిలిప్ బ్రిక్‌మన్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు. 1978లో అచ్చయింది ఆ పరిశోధన. స్నేహితులతో కబుర్లు, పొద్దున టిఫిను, ఓ జోకు వినడం, పత్రిక తిరగెయ్యడం, ఇలాంటివి ఎంత హాయిగా ఉంటున్నాయని అడిగితే తక్కువ చెప్పింది లాటరీ గెలిచినవాళ్లేనట. పోనీ మొత్తమ్మీద వాళ్ల సంతోషం ఎక్కువా అంటే, అదీ చెప్పుకోదగ్గంత ఎక్కువ లేదు. చదివినప్పుడు నాకు మా వీధిలో మేడ కట్టాక అరుగు మీద కూర్చోవడం మానేసిన వాళ్లందరూ గుర్తొచ్చారు. మేడ ఎక్కినవాళ్లకి అరుగు చిన్నదైపోతుంది. మీరు ఇల్లు కట్టుకోవడం తప్పనడం లేదు, సుబ్బరంగా కట్టుకున్నారు. దాని నుంచి ఇంకా ఇంకా రావాలని చూస్తూ కూర్చుంటే మాత్రం పక్కన పడే కొసరు కంటికి ఆనదు.

డైరీ మానేసినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. నిజంగానే. మీకు చెప్పినవాళ్లు "రోజూ" అని చెప్పి ఉంటారు, అక్కడే వచ్చింది చిక్కు. కాలిఫోర్నియాలో సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే ఆచార్యురాలు కొంతమంది చేత ఆరు వారాల పాటు ఇలాగే రాయించారు. వారానికి ఒక్కసారి రాసినవాళ్లకి తేడా కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకి కనిపించలేదు. జడలో మల్లెల సంగతే మళ్లీ. రోజూ రాస్తే మంచి సంగతులు కూడా చాకలి పద్దు అయిపోతాయి. పైగా మీరు రాసిన మూడూ అసలు సరుకులే. ఇల్లు, ఆరోగ్యం, పిల్లలు అనేవి రాసుకోవడానికి మరీ పెద్దవి. పిడికిట్లోకి రావు. "అమ్మాయి ఫోన్ చేసి, మాట్లాడకుండా ముందు ఓ అరనిమిషం ఏదో నములుతూ ఉండిపోయింది" అని రాయండి. అది ఒక మంచి సంగతి. ఆదివారానికి ఒకటి దొరికితే చాలు, దొరక్కపోతే ఆ వారం మానెయ్యండి. పరీక్ష కాదిది.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి.

మేం అయిదుగురం పిల్లలం, కోనసీమలో ఓ పల్లెటూరు. ఆనందం గురించి ఆలోచించే తీరిక మా అమ్మకి జన్మలో దొరికి ఉండదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, అంట్లు బావి దగ్గర పడేసి, పెరటి మెట్టు మీద కూర్చునేది. పక్కన చిన్న ఇత్తడి పెట్టె. రెండు తమలపాకులు తీసి చీరకొంగుతో తుడిచేది. ఈనె గిల్లేది. సున్నం చూపుడు వేలితో రాసి, మిగిలింది మెట్టు పక్కన గోడకి పూసేది. అక్కడ గోడంతా తెల్లటి వేలి గీతలు, ఎన్నేళ్లవో. వక్క పలుకు వేసి, మడిచి, నోట్లో పెట్టుకుని, కొబ్బరిచెట్ల కేసి చూస్తూ కూర్చునేది. అంతే. ఓ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అమ్మని పిలవకూడదు. నాన్న కూడా పిలిచేవాడు కాదు. ఒకసారి మా తమ్ముడు మోకాలు చెక్కుకుని ఏడుస్తూ వస్తే, కూర్చున్న చోటి నుంచే "ఉండరా, వస్తన్నా" అంది గానీ లేవలేదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, ఎంత కోపమొచ్చిందో. ఇదేం తల్లి అనుకున్నాను. వాడి మోకాలు ఆ తర్వాత శుభ్రంగానే మానింది.

ఆవిడ చనిపోయాక ఆ ఇల్లు అమ్మేముందు మేమందరం వెళ్లి చూసొచ్చాం. పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. మా చెల్లెలు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడింది.

మీకు అలాంటి మెట్టు ఉందా? ఉత్తరంలో లేదు. కాఫీ ఎలా తాగుతారో కూడా రాయలేదు, నేను ఊహిస్తాను, తప్పయితే తిట్టుకోండి. పొద్దున అయిదున్నరకి డికాషన్ దిగుతుంది. మొదటి గ్లాసు అత్తగారికి, రెండోది మీవారికి. మీది కలిపి గట్టు మీద పెడతారు. ఒక గుక్క తాగి పోపు వేస్తారు. చల్లారిపోతుంది. వేడి చేస్తారు. కుక్కరు కూత పెడుతుంది. మళ్లీ చల్లారుతుంది. ఆఖరికి బాక్సు సర్దుతూ నిలబడే గటగటా తాగేస్తారు, లేదంటే సింకులో పారబోస్తారు. ముప్పై ఏళ్లు నేను తాగింది ఆ కాఫీయే. రిటైరయ్యాక కూర్చుని తాగుదాం అనుకున్నాను. రిటైరైన మొదటి ఆరు నెలలూ బీరువాలు సర్దుకుంటూ అప్పుడూ నిలబడే తాగాను. కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే అని అప్పుడు తెలిసొచ్చింది.

మనం ఒక చోట ఉంటే మనసు ఇంకో చోట ఉండటం మీ ఒక్కరి జబ్బేం కాదు. 2010లో అచ్చయిన ఓ పరిశోధనలో హార్వర్డ్ వాళ్లు 2250 మందిని ఫోన్లలో వేళాపాళా లేకుండా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు అని అడిగారు. నూటికి దాదాపు 47 సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు జనం కాస్త దిగులుగానే ఉన్నారు. హాయైన సంగతే తలుచుకుంటున్నా సరే, చేస్తున్న పని మీద మనసుంచిన వాళ్లకంటే ఎక్కువ సంతోషమేమీ దక్కలేదట. అంట్లు తోముతూ ఊటీ గురించి కలలు కన్నా పెద్దగా ఒరిగేదేం లేదన్నమాట.

కాబట్టి మీకు నేను చెప్పే పని ఒకటే, కాఫీ. పదిహేను నిమిషాలు ముందు లేవమని చెప్పను. ఆడవాళ్లకి ఏ సలహా ఇచ్చినా "ఇంకాస్త ముందు లేవండి" దగ్గరే మొదలవుతుంది, నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న టైములోనే, ముందు మీ గ్లాసు కలుపుకోండి. కూర్చోండి. ఫోను లోపల గదిలో ఉండనివ్వండి. అయిపోయేదాకా లేవకండి. ఎవరన్నా పిలిస్తే "ఉండండి, వస్తున్నా" అనండి. మొదటి నాలుగు రోజులు దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది. కాఫీ రుచి కూడా తెలీదు, కుక్కరు మీదే ఉంటుంది చెవి. అయిదో రోజో పదో రోజో చక్కెర కొంచెం ఎక్కువైందని తెలుస్తుంది. అప్పుడు మీరు ఇంటికి వచ్చినట్టు.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ వాట్సాప్ సూక్తుల బాపతే అవుతాను. మన ఇళ్లల్లో "చిన్న చిన్న వాటిల్లో ఆనందం వెతుక్కోవే" అంటే చాలాసార్లు "నోరు మూసుకుని చెయ్యవే" అనే అర్థం. ఆఫీసు నుంచి రాగానే మళ్లీ వండుతానని రాశారు. అన్నం కుక్కర్లో పెట్టడానికి, కూరగాయలు తరగడానికి మీవారికి రెండు చేతులూ ఉన్నాయి కదా. కొట్టు మూసి ఎనిమిదింటికి వస్తారేమో, అయితే రాత్రి అంట్లు ఆయనవి. దెబ్బలాడి అడగక్కర్లేదు. "రేపట్నుంచి ఇది మీరు చూసుకోండి" అని ఉప్పు అందిస్తూ చెప్పినట్టు చెప్పెయ్యండి. మొదట్లో గిన్నెల అంచులకి జిడ్డు ఉంటుంది. చూడనట్టు ఊరుకోండి. మళ్లీ కడిగారా, ఆ పని జీవితాంతం మీదే.

ఇంకోటి. మీకు 47. థైరాయిడ్, రక్తహీనత, బి12 తగ్గడం, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు, ఇవన్నీ మనిషిని ఇలా చప్పగా చేసెయ్యగలవు. మనసుని తవ్వుకునే ముందు ఓ రక్తపరీక్ష చేయించుకోండి, చవకలో పోతుంది. రెండు వారాలకు మించి, దాదాపు ప్రతి రోజూ, ఒకప్పుడు ఇష్టమైనదేదీ రుచించకపోతే, నిద్ర, ఆకలి తారుమారైతే, బతికి ఏం ప్రయోజనం అనిపిస్తే, అది కాఫీతో కుదిరేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలిమానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, పగలైనా రాత్రైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరం చూస్తే అంతదాకా వచ్చినట్టు లేదు. పూలావిడ కేక వినపడగానే రాస్తున్నది ఆపి లేచి వెళ్లారు, నాకు ధైర్యం అదే. అయినా మీ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, నంబరు ఫోన్లో వేసుకుని ఉంచండి. మీకు కాకపోయినా ఎవరికన్నా పనికొస్తుంది.

ఇక మీ అత్తగారు.

పూలు పెట్టుకోకూడదని ఆవిడకి ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అవి ఇంకోసారి రాస్తాను, ఇక్కడ మొదలెడితే మీ జవాబు మూలకి పోతుంది. నన్ను పట్టి లాగింది ఇంకో సంగతి. తలలో పెట్టుకోని పూల పొట్లాన్ని ఆవిడ తొమ్మిదేళ్లుగా ఎందుకు విప్పుతున్నారు? మీకు సాయం చెయ్యడానికా? పొట్లం విప్పడం ఏమంత పని? ఆకు మడతలో ఇందాకటి నుంచీ ఉగ్గబట్టుకుని ఉన్న వాసన, విప్పగానే మొట్టమొదట ఎవరి మొహానికి తగులుతుంది? విప్పినవాళ్లకే కదా. ఆ తర్వాత దేవుడి పటానికి, మీ జడకి, మిగతా ఇంటికి. మొదటి ఊపిరి ఆవిడది. మీరు ఎవరినో అడగడానికి ఊరు దాటి ఉత్తరం రాశారు గానీ, ఈ విద్యలో ఆరితేరిన మనిషి మీ హాల్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు.

రేపు పూలావిడ వచ్చినప్పుడు పొట్లం ఆవిడ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లకండి. పక్కన కూర్చోండి. మాట్లాడక్కర్లేదు. ఆవిడ వేళ్లు చూడండి, ముందు దారం ముడి విప్పుతారా, ఆకు చివర లాగుతారా, విప్పాక కళ్లు మూసుకుంటారా. పొయ్యి మీద ఏమున్నా పర్లేదు, కట్టేసి రండి. కుదిరితే ఓ రోజు రెండు మూరలు తీసుకుని ఒకటి ఆవిడ దిండు పక్కన పెట్టండి. పెట్టుకోకూడదు అన్నారు గానీ, పక్కన ఉండకూడదని ఎవరూ అనలేదు కదా.

మల్లెల కాలం ఎన్నాళ్లో ఉండదు. తొలకరి పడ్డాక పల్చబడిపోతాయి, తర్వాత కనకాంబరాలు, చలికాలానికి డిసెంబరు పూలు. వాటికి వాసన ఉండదు. అప్పుడు కూడా పొట్లం ఆవిడే విప్పుతారా? నాకు అది తెలుసుకోవాలని ఉంది, గమనించి రాయండి. ఇంకొకటి కూడా. మా అత్తగారు పొట్లానికి చుట్టిన దారం పారేసేవారు కాదు. వేలికి చుట్టి, తీసి, వంటింటి కిటికీ ఊచకి తగిలించేవారు. ఏదో ఒకదానికి పనికొస్తుందనేవారు, ఎప్పుడూ దేనికీ వాడింది లేదు. మీ అత్తగారు ఏం చేస్తారు?